చికోరీ బావగారికి ఒక విన్నపం

మహారాజశ్రీ చికోరీ బావగారికి,

నమస్కారములు. ఉభయకుశలోపరి. మా వంటింటి మూడో అరలో, కాఫీపొడి డబ్బాలోనే తమరు కాపురం ఉంటున్నారు కనుక క్షేమసమాచారాలు వేరే అడగడం లేదు. బావగారని వరస కలిపినందుకు ఏమీ అనుకోకండి. ఎకసెక్కాలాడటానికి మాకు ఆ వరసే వీలు.

ముప్ఫై ఏళ్ళుగా తాగుతున్నది కాఫీ అనే అనుకున్నాను. మొన్న కళ్ళజోడు మారింది. కొత్త అద్దాల్లోంచి పొట్లం వెనక చీమ తలకాయంత అక్షరాలు కనిపించాయి: కాఫీ 60, చికోరీ 40. తీరా విచారిస్తే చట్టమూ తమ పక్షమే. మిశ్రమంలో కాఫీ 51 శాతం ఉంటే చాలట. బొటాబొటి మెజారిటీతో నెట్టుకొచ్చే ప్రభుత్వమన్నమాట. కుర్చీ కాఫీది, పెత్తనం మీది.

అనుమానం తీరక గ్లాసులో చన్నీళ్ళు పోసి పొడి చల్లాను. కాఫీ పైన తేలింది. మీరు మాత్రం గోధుమరంగు తోకలు విడుస్తూ చరచరా అడుక్కి దిగిపోయారు, మొదటి బంతిలోనే చోటు చూసుకున్న పెళ్ళివారి చుట్టంలా.

మీ వంశమూ కనుక్కున్నాను. మీరు గింజ కాదు, వేరు. చామంతి, పొద్దుతిరుగుడు మీకు జ్ఞాతులు. నీలం పూలు పూస్తారట; ఆ అందం మాకెన్నడూ చూపించలేదు. గుజరాత్‌లో జామ్‌నగర్ వైపు పొలాల్లో పండుతారు. ఎండబెట్టి, వేయించి, పొడి కొడితే మీరు. ఇంతా చేసి మీలో కెఫీన్ నలుసంతైనా లేదు. అంటే ఊరందర్నీ నిద్ర లేపాల్సిన ఉద్యోగంలో చేరి, కునుకు తీస్తూ జీతం పుచ్చుకుంటున్నారు! 1806లో ఇంగ్లండు సరుకు యూరప్ రేవులకు రాకుండా నెపోలియన్ కట్టడి చేస్తే, ఫ్రాన్సులో కాఫీకి కటకట వచ్చింది. ఆ సందులోనే కదూ మీకు గిరాకీ పెరిగింది. కరువు పోయింది. మీరు పోలేదు.

నాకు పౌరుషం వచ్చింది. మీ నీడ కూడా పడని అరకు అరబికా తెప్పించాను. మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్ల కింద గిరిజన రైతులు పండించే కాఫీ. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందే పారిస్‌లో దాని పేరుతో దుకాణం వెలిసింది. పారిస్ వాళ్ళు తాగగా లేనిది మేం తాగలేమా?

ఫిల్టరు పై గిన్నెలో ఎప్పటిలాగే మూడు చెంచాలు వేసి, చిల్లుల బిళ్ళ పెట్టి, నీళ్ళు పోశాను. తమరున్న రోజుల్లో డికాషన్ దిగేలోపు పేపరంతా అయిపోయేది, శ్రద్ధాంజలి ప్రకటనలతో సహా. ఈసారి మొదటి పేజీ తిప్పకముందే జలజలా దిగిపోయింది. నీళ్ళకు ఉబ్బి, పట్టి ఉంచి, బొట్టుబొట్టుగా వదిలే పని ఇన్నాళ్ళూ మీరు చేస్తున్నారని అప్పుడు తెలిసింది. కింద గిన్నెలో టీ రంగు.

మా అత్తగారు నాతో నేరుగా ఏమీ అనరు. గ్లాసు వంక చూసి కూతుర్ని అడిగారు: "ఏమే, అల్లుడుగారికి ఒంట్లో నలతగా ఉందా? పథ్యం కాఫీ పెట్టుకున్నారు."

నాలుగు రోజులు తంటాలు పడ్డాను. పొడి ఇంకాస్త మెత్తగా పట్టించాను. మూడు చెంచాలు ఐదయ్యాయి. తమరు లేని కాఫీకి చెయ్యి ధారాళంగా ఉండాల్సిందే. మరుగు ఆగాక అర నిమిషం ఉండి, ముందు పొడి తడిసేటన్ని నీళ్ళు, ఆనక మిగతావి. డికాషన్‌ని మళ్ళీ పొయ్యెక్కించడం మానేసి, పొంగు రాగానే దించిన పాలు అందులో పోశాను. పాలూ తగ్గించాను. (పాలాయన తన వంతు నీళ్ళు ముందే కలిపి ఇస్తాడు. అది వేరే ఉత్తరం.)

నాలుగోనాడు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే మగ్గిన పండు వాసన, నాలిక మీద సన్నటి పులుపు జీర. నా భుజం నేనే తట్టుకున్నంత పని చేశాను. మా ఆవిడ ఒక గుక్క తాగి, "పాలు విరిగాయా ఏవిటండీ?" అంది.

ఐదోనాడు కాఫీ నల్లగా, చిక్కగా, గ్లాసు అంచుకు పట్టేలా కుదిరింది. చివర్న కాస్త చేదు, కాస్త మాడుబెల్లం తీపి. ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. అరకు అంటే ఏమిటో ఇప్పటికైనా తెలిసిందా అని మొదలుపెట్టి కొండలు, నీడ, మిరియాల తీగలు అంటూ అరగంట దంచాను. అత్తగారు తలెత్తకుండా చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. సాయంత్రం చింతపండు జాడీ వెనక ఒక పొట్లం దొరికింది. మూతికి రబ్బరు బ్యాండు. దాని మీద మీ పేరొక్కటే ఉంది. నూటికి నూరు పాళ్ళు.

బావగారూ, ఆ పొట్లం సంగతి నేనెవరితోనూ అనలేదు. మీరూ అనకండి. నా విన్నపం ఒక్కటే, నూటికి పదిహేను దగ్గర ఆగండి. పదిహేను చుట్టరికం. నలభై కబ్జా. పక్క డబ్బాలో అరకు వారున్నారు. ఈ ఒప్పందం వారి చెవిన వేయకండి. పారిస్ చూసొచ్చిన మనిషి, నొచ్చుకుంటారు.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. ఈ ఉత్తరం పూర్తయ్యేలోగా రెండు గ్లాసుల కాఫీ వచ్చింది. ఎవరు కలిపారో అడగలేదు.