ఫోటో కోసమైతే రెండు కిలోమీటర్లు చాలదా?

వాట్సాప్‌లో ఈ మధ్య ఒక సందేశం తెగ తిరుగుతోంది. "వందల కిలోమీటర్లు సైకిల్ తొక్కేవాళ్లకు బహుమతీ లేదు, ర్యాంకూ లేదు. అంతా ఫోటోల పిచ్చి. లక్షల సైకిళ్లున్న కుర్రవాళ్ల సరదా. ఇల్లు పట్టించుకోకపోవడానికి ఒక సాకు. చివరికి మోకాళ్లు అరగడమే మిగిలేది" అని దాని సారాంశం. బ్రెవేలు, అంటే గడువులోగా వందల కిలోమీటర్లు పూర్తి చేయాల్సిన పోటీ లేని సైకిల్ సవారీలు, తొక్కేవాడిగా నా జవాబు ఇది.

బహుమతి లేదన్నది నిజమే. ఫ్రాన్స్‌లో పారిస్ నుంచి బ్రెస్ట్ అనే ఊరికి వెళ్లి తిరిగివచ్చే సైకిల్ పందెం 1891లో మొదలైంది. షార్ల్ తెరోఁ 71 గంటల 22 నిమిషాల్లో గెలిచాడు. వృత్తి సైక్లిస్టుల ఆ పందెం 1951తో ఆగిపోయింది. 1931లో దాని పక్కనే పుట్టిన, పోటీ లేని సవారీ మాత్రం నేటికీ నాలుగేళ్లకోసారి సాగుతోంది. సుమారు 1200 కిలోమీటర్లు, గరిష్ఠంగా 90 గంటలు. వేల మంది వస్తారు. పూర్తి చేసినవారి పేర్లు అక్షరక్రమంలో వేస్తారు. బహుమతి ఉన్నది పోయింది, లేనిది నిలిచింది. మన దగ్గరి బ్రెవేలకూ ర్యాంకులు ఉండవు. పతకం కావాలంటే మనమే డబ్బు కట్టి తెప్పించుకోవాలి!

ఇక ఫోటోలు. తెల్లవారుజామున మూడు గంటలకు విజయవాడ హైవే మీద ఫోటో దిగే ముఖం ఎవరికి ఉంటుంది? అరచేతులు తిమ్మిరెక్కి బిస్కెట్ ప్యాకెట్‌ను పళ్లతో చింపుకోవాలి. దారిలో కంట్రోల్ అనే తనిఖీ చోటికి చేరిన వేళకు రుజువుగా ఏటీఎం చీటీ తీసుకుని, చెమటకు తడవకుండా ప్లాస్టిక్ సంచిలో దాచుకోవాలి. ఆ వేళకు బుర్రలో ఆఫీసు ఉండదు, ఇంటి అప్పు ఉండదు. తరువాతి కంట్రోల్ ఎంత దూరం, అది మూసేలోగా చేరగలనా? ఆ ఒక్క లెక్క తప్ప మరేదీ పట్టదు. నన్ను మళ్లీ మళ్లీ లాగేది అదే. పగలంతా పది లెక్కలు మోసేవాడికి ఒక్క లెక్కతో గడిచే రాత్రి ఎంత సుఖమో చెప్పినా నమ్మరు.

లక్షల సైకిల్ అక్కర్లేదు. 200 కిలోమీటర్లకు గడువు 13 గంటల 30 నిమిషాలు. ఆగినవీ కలుపుకొని గంటకు 15 కిలోమీటర్లు పడితే చాలు. గేర్లున్న మామూలు సైకిల్, లైట్లు, రాత్రి మెరిసే జాకెట్ ఉంటే బయల్దేరవచ్చు. యాభై దాటినవారు ఎందరో వస్తారు. కుర్రవాళ్ల సరదా అంటారా, 2019లో బల్గేరియా నుంచి ఫ్రాన్స్ దాకా సుమారు 4000 కిలోమీటర్ల ట్రాన్స్‌కాంటినెంటల్ పందెంలో మగవాళ్లందరినీ వెనక్కి నెట్టి మొదట చేరింది ఫియోనా కోల్బింగర్ అనే అమ్మాయి.

ఇంటి మాట కొంత నిజం. 600 కిలోమీటర్ల బ్రెవేకు వారాంతం మొత్తం పోతుంది, ఇంట్లోవారి కోపం న్యాయమే. కానీ ఆదివారమంతా టీవీలో క్రికెట్ చూసేవారిని ఎవరూ ఇలా నిలదీయరెందుకో!

మోకాళ్లంటారా, సీటు ఎత్తు సరిచేసుకుని తేలిక గేరులో తొక్కితే చాలావరకు ఇబ్బంది రాదు. అసలు ప్రమాదం నిద్ర. లారీల మధ్య హ్యాండిల్ మీద కునుకు పడితే అంతే సంగతులు. సందేశం రాసినవారు ఆ ఒక్క మాట ఎత్తి ఉంటే వాదించేవాడిని కాను. కళ్లు మూతలు పడుతుంటే గడువు పోయినా సరే, బస్‌స్టాప్ బల్ల మీద నడుము వాల్చాల్సిందే.