మహారాజశ్రీ డైనింగ్ ప్లాన్ గారికి, ఆరుగురి నమస్కారాలు

మే 2024, అట్లాంటా

మహారాజశ్రీ డిస్నీ వరల్డ్ డైనింగ్ ప్లాన్ గారి దివ్య సముఖమునకు, అట్లాంటా నుంచి ఒక ఇల్లాలు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీ క్షేమం గంటకోసారి వెబ్‌సైట్‌లో చూస్తూనే ఉన్నాం.

ఇహ ఈ మీరు గీరు వదిలేసి నువ్వు అనే అంటాను, ఏమనుకోకు. మూడు వారాలుగా మా ఇంట్లో మాతోపాటే కూర్చుని తింటున్నావ్, పొద్దున ఇడ్లీ దగ్గర నీ గురించే, రాత్రి పెరుగన్నం దగ్గర నీ గురించే, ఇంకా మొహమాటం ఏంటి. జూన్‌లో ఐదు రాత్రులకి డిస్నీ పార్కులు చూడ్డానికి ఒర్లాండో వస్తున్నాం. నేను, మా ఆయన, ఇండియా నుంచి వచ్చిన అత్తయ్య, మావయ్య, పెద్దది, చిన్నోడు. హోటల్లో ఫ్యామిలీ సూట్ బుక్ అయిపోయింది, పార్కు టికెట్లు అయిపోయాయి, కారుకి ఆయిల్ మార్చడం కూడా అయిపోయింది. తేలనిది నువ్వొక్కడివే. భోజనాలన్నిటికీ ముందే డబ్బు కట్టి నిన్ను కొనాలా, లేక ఎక్కడ ఆకలేస్తే అక్కడ కార్డు గీక్కోవాలా.

2020 మార్చిలో పార్కులతోపాటు మూతపడ్డావ్. పార్కులు అదే ఏడాది తెరిచారు గానీ నువ్వు మాత్రం రాలేదు. జనాలు అయ్యో డైనింగ్ ప్లాన్ ఎప్పుడొస్తుందో అని ఎదురుచూసి ఎదురుచూసి, చివరికి ఈ 2024 జనవరి 9న వచ్చావ్. అలిగి పుట్టింటికెళ్ళి నాలుగేళ్ళకి తిరిగొచ్చిన కోడలికి కూడా అంత మర్యాద ఉండదు. వచ్చినవాడివి రెండు అవతారాల్లో వచ్చావ్. చిన్నది క్విక్ సర్వీస్, 2024 రేటు మనిషికి రాత్రికి 57.01 డాలర్లు, దానికి కౌంటర్ దగ్గర తీసుకునే భోజనాలు రెండు, స్నాక్ ఒకటి. పెద్దది 94.28, అందులో ఒకపూట కూర్చోబెట్టి వడ్డిస్తారు, ఒకపూట కౌంటర్, ఒక స్నాక్. రెంటికీ హోటల్లో మళ్ళీ మళ్ళీ నింపుకునే ప్లాస్టిక్ మగ్గు ఒకటి. మూడేళ్ళ నుంచి తొమ్మిదేళ్ళ దాకా పిల్లలు, రేటు 23.83, లేదంటే 29.69. యాభై ఏడు మీద ఆ ఒక్క సెంటు ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు, పెళ్ళిలో చదివింపుల కవర్లో రూపాయి బిళ్ళ పెట్టినట్టు ఉంది.

మా మావయ్య బ్యాంకులో క్యాషియర్‌గా చేసి రిటైర్ అయ్యారు. నీ సంగతి మా ఆయన పవర్‌పాయింట్ రేంజిలో వివరిస్తే ఆయన అంతా విని ఒకటే ప్రశ్న వేశారు, "టికెట్ కొన్నాక అన్నం రెండోసారి అడిగితే వేస్తారా?" అని. మా ఊళ్ళలో ముందే డబ్బు కట్టి తినే భోజనం అంటే అదే మరి, కౌంటర్లో మీల్స్ టోకెన్ తీసుకుని లోపల కూర్చుంటే సాంబారు బకెట్టు పట్టుకుని కుర్రాడు మన చుట్టూనే తిరుగుతాడు, చాలు బాబూ అని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేదాకా ఆగడు. వెయ్యరు మావయ్యా, క్రెడిట్స్ ఉంటాయి, ఒక భోజనానికి ఒకటి చొప్పున తగ్గిపోతాయి అన్నాను. "క్రెడిట్ అంటే వాళ్ళు మనకి బాకీ ఉన్నట్టు కదమ్మా. మరి మన దగ్గర ముందు పుచ్చుకున్నదానికి వడ్డీ ఏదీ?" అన్నారు. సరే అది వదిలేద్దాం. వాడుకోని క్రెడిట్స్ హోటల్ గది ఖాళీ చేసిన రోజు అర్ధరాత్రికి మురిగిపోతాయని చెప్పాక మాత్రం ఆయన కళ్ళజోడు తీసి కింద పెట్టారు. పదేళ్ళు ఎవరూ ముట్టుకోని డిపాజిట్ అయినా రిజర్వ్ బ్యాంకు ఫండుకి వెళ్తుందే తప్ప ఎక్కడికీ పోదట, వారసుడు కాగితాలు పట్టుకొస్తే తీసి ఇవ్వాల్సిందేనట, ఒక ముద్ద అన్నానికి ఆ పాటి భద్రత లేదా అని ఆ పూటంతా బాధపడ్డారు.

ఇక లెక్క. మా ఆయన ఎక్సెల్ తీశారు. మా పెద్దదానికి మొన్న మార్చిలో పదేళ్ళు నిండాయి, అంటే నీ దృష్టిలో అది పెద్దమనిషి, పెద్దాళ్ళ రేటే కట్టాలి. ఇంట్లో అది తినేది ఫ్రైస్, ఫ్రైస్ పక్కన పెట్టిన కెచప్, ఎప్పుడైనా దయ కలిగితే దోసె అంచు. ఫిబ్రవరిలో వచ్చి ఉంటే 23.83కి అయిపోయేది, నాలుగు నెలలు లేటయినందుకు 57.01. బర్త్‌డే పార్టీకి పెట్టిన ఖర్చుకన్నా ఆ వయసు ఖర్చే ఎక్కువయ్యేట్టుంది. సరే, పెద్దాళ్ళు ఐదుగురు, చిన్నోడొకడు, ఐదు రాత్రులు. చిన్న అవతారానికి 1,544 డాలర్ల 40 సెంట్లు. పెద్ద అవతారానికి 2,505 డాలర్ల 45 సెంట్లు, టిప్పులు కాకుండా. టిప్పు ఎంతివ్వాలా అని మేం తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు లే, ఆరుగురు, ఆపైన కూర్చుంటే 18 శాతం అదే పడిపోతుంది. మేం సరిగ్గా ఆరుగురం.

ఇప్పుడు అసలు సంగతి, నువ్వు గిట్టుబాటు అవ్వాలంటే ఏం చెయ్యాలి అన్నది. 57లో స్నాక్‌కి ఓ ఏడు తీసెయ్, మగ్గుకి రోజుకి ఓ నాలుగు తీసెయ్, మిగిలిన దాన్ని రెండు భోజనాలకి పంచితే ఒక్కోటి 22, 23 డాలర్లు పలకాలి. అంతకంటే తక్కువది తింటే నీకు లాభం, ఎక్కువది తింటే మాకు లాభం. బార్బెక్యూ పక్కటెముకలో రొయ్యలో తీసుకుని పక్కన బీరో కాక్‌టెయిలో పెట్టుకుంటే గిట్టుబాటే, ఎందుకంటే 21 దాటినవాళ్ళు భోజనంతో వచ్చే డ్రింకు కింద మందు కూడా తీసుకోవచ్చని నువ్వే రాశావ్. చాలా ఉదారం. కానీ ఒక్కసారి మా టేబుల్ చూడు. అత్తయ్య, మావయ్య శాకాహారులు. వాళ్ళకి దొరికేది చీజ్ ఫ్లాట్‌బ్రెడ్, లేకపోతే యానిమల్ కింగ్‌డమ్ పార్కులో తోఫూ బౌల్, దానికి పక్కన కోక్. అంతా కలిపినా 20 దాటడం కష్టం. అత్తయ్య కోటా బీరు ఎవరు తాగాలి? మా ఆయన తాగుతారు, కాదనను, కానీ వాళ్ళ నాన్నగారి ఎదురుగా ఆయన చేతిలో బీరు గ్లాసు ఉండగా 12 ఏళ్ళ కాపురంలో నేను చూళ్ళేదు, సిండ్రెల్లా కోట ముందు మొదలుపెడతారని నమ్మకం లేదు. నాకు మాజా చాలు. అంటే రోజుకి ఎనిమిది మందు గ్లాసుల విలువ మేం నీకు కానుకగా వదిలేస్తున్నాం.

ఇంకోటి, మధ్యలో శనివారం వస్తుంది. శనివారం అత్తయ్యకి ఒక్కపొద్దు. పగలు ఒక్కపూట, ఉల్లి వెల్లుల్లి లేకుండా. ఆ రోజుకీ 57.01 కట్టాలా అని అడిగారు. కట్టాలత్తయ్యా, బుకింగ్‌లో ఉన్న మూడేళ్ళు దాటినవాళ్ళందరికీ ఒకటే ప్లాన్, అన్ని రాత్రులకీ కొనాలి అని చెప్పాను. "ఉపవాసానికి కూడా టికెట్టా? కొండ మీద వెంగమాంబ సత్రంలో ఎంతమందొచ్చినా ఊరికే పెడతారు కదే" అన్నారు. అది స్వామివారి ఊరత్తయ్యా, ఇది ఎలకగారి ఊరు అన్నాను. నవ్వలేదు.

తమాషా ఏంటంటే ఇంత షీటు వేశాక గిట్టుబాటు అయ్యేది మా చిన్నోడొక్కడికే. పిల్లల మీల్స్ రెండు, ఒక మిక్కీ ఐస్‌క్రీమ్ బార్, ఆ మగ్గు కలుపుకుంటే వాడి 23.83 దాటిపోతుంది, ఒక మూడు డాలర్లు మిగుల్చుతాడు. ఆరేళ్ళకే ఇంటికి సంపాదన తెచ్చే కొడుకు. కానీ వాడొక్కడికి కొనడానికి లేదు కదా, వాడి మూడు డాలర్ల కోసం మిగతా ఐదుగురం ఎక్కాల్సిందే. నిన్ను రాసినవాడెవడో గానీ ఉమ్మడి కుటుంబం బాగా తెలిసినవాడు.

నిన్ను పూర్తిగా తిట్టడానికి మనసొప్పట్లేదు, ఎందుకంటే నాకు నీ మీద ఆశ ఉంది. చెప్తాను విను. మా అత్తయ్య మంచావిడే గానీ ఏ ధర చూసినా 83తో గుణిస్తారు. కిందటి వారం మాల్‌లో ప్రెట్జెల్ చూసి "ఆరొందల అరవై" అన్నారు, ఎనిమిది డాలర్లది. ఇంక ఆ ప్రెట్జెల్ ఎవరి గొంతులో దిగుతుంది? ఐదు రోజులు పార్కులో ప్రతి కౌంటర్ దగ్గరా ఆ గుణకారం వినాలి నేను. అదే నిన్ను కొంటే చేతికున్న బ్యాండు టక్ మని తాకిస్తే అయిపోయె, ధర చూడక్కర్లేదు, గుణకారం ఉండదు, ఏం తిందాం ఎంతవుతుంది అని నన్నెవరూ అడగరు. ఐదు రోజులు వంటింటి లెక్కల నుంచి సెలవు. 1,544కి అది చవకే అనిపించింది ఒక రాత్రి, నిజంగా, పడుకుని సీలింగ్ చూస్తూ కొనేద్దాం అనే అనుకున్నాను. పొద్దున లేచేసరికి మా ఆయన కాఫీ తాగుతూ వాళ్ళమ్మకి మొత్తం షీటు చదివి వినిపిస్తున్నారు, "ఒక్కో మనిషికి రోజుకి నాలుగు వేల ఏడొందలమ్మా" అని. అయిపోయింది. దాచడానికి ఇంకేం మిగల్లేదు.

అదీకాక మా సంగతి మాకు తెలుసు. కిందటేడు వేరే ఊళ్ళో ఒక పార్కులో, పేరెందుకులే, రోజంతా తినొచ్చు అని చేతికి బ్యాండు కట్టారు, గంటన్నరకోసారి ఒక ప్లేటు. తప్పు పార్కుది కాదు, మాదే. మా ఆయన ఫోన్లో గంటన్నరకోసారి అలారం పెట్టారు. అలారం మోగితే రోలర్ కోస్టర్ లైన్లోంచి బయటికొచ్చి పిజ్జా లైన్లో నిలబడ్డాం. ఆకలా, ఆకలి పదకొండు గంటలకే చచ్చిపోయింది, ఆ తర్వాత తిన్నదంతా కసితోనే. "డబ్బులు కట్టాం, తిను" అని నేను పిల్లల్ని అన్న మాట ఇప్పటికీ పెద్దది నాకే అప్పజెప్తుంది, హోంవర్కు చెయ్యమంటే చాలు "ఫీజు కట్టావ్ కాబట్టా" అంటుంది. ఆ రోజు మొత్తమ్మీద నాలుగు రైడ్లు ఎక్కాం, ఏడు ప్లేట్లు తిన్నాం, తిరుగు ప్రయాణంలో చిన్నోడు కారులో ఏం చేశాడో రాయను. అలాంటివాళ్ళం మేం. మా చేతికి ముప్పై స్నాక్ క్రెడిట్స్ ఇచ్చి అర్ధరాత్రికి మురిగిపోతాయని చెప్తే ఏమవుతామో ఆలోచించు.

నువ్వు ఎవరికి బావుంటావో కూడా చెప్పేస్తాను, అన్యాయంగా రాసినట్టు ఉండకూడదు. మాంసం తినేవాళ్ళకి, గ్లాసు పట్టుకోవడానికి మొహమాటం లేనివాళ్ళకి, తొమ్మిదేళ్ళ లోపు పిల్లలు ముగ్గురున్నవాళ్ళకి, మిక్కీ వచ్చి భుజమ్మీద చెయ్యేసి ఫొటో దిగే బఫేలకి రోజూ వెళ్దాం అనుకునేవాళ్ళకి. ఆ బఫే డిన్నర్ ఒక్కటే మనిషికి 60 దాటుతుంది కాబట్టి పెద్ద అవతారం అక్కడ గిట్టుబాటే. కాకపోతే దానికి 60 రోజుల ముందే పొద్దున్నే లేచి టేబుల్ బుక్ చేసుకోవాలి, కోటలో భోజనమైతే ఒక పూటకి రెండు క్రెడిట్స్ మింగేస్తుంది. కోటలో తిందామా అని పెద్దదాన్ని అడిగాను. ప్రిన్సెస్‌లు చిన్నపిల్లలకమ్మా అంది. పెద్దమనిషి కదా మరి.

కాబట్టి చివరికి తేలింది ఏంటంటే నిన్ను కొనట్లేదు. పార్కులోకి బయటి తిండి తెచ్చుకోవచ్చని మీవాళ్ళ రూల్స్‌లోనే ఉంది, అది చదివినప్పుడు అత్తయ్య మొహం వెలిగింది చూడు, టికెట్లు బుక్ చేసినప్పుడు కూడా అంత వెలగలేదు. గాజు సీసాలు కూడదన్నారు, ఆవకాయ స్టీలు డబ్బాలోకి మారింది. విడి ఐసు ముక్కలు కూడదన్నారు, జెల్ ప్యాకులు ఫ్రీజర్లో పెట్టాం. కౌంటర్ దగ్గర అడిగితే ఐసు నీళ్ళు ఫ్రీగా ఇస్తారు. మొదటి రోజుకి పులిహోర, రెండో రోజుకి చపాతీ, బంగాళాదుంప వేపుడు, ఆ తర్వాత జంతికలు, అరిసెలు, దేవుడి దయ. ఒక్క పూట మాత్రం యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో సనా అనే హోటల్లో కూర్చుని తింటాం. అక్కడ ఐదు రకాల రొట్టెలు, నంజుకోవడానికి తొమ్మిది రకాలు పెడతారు, కిటికీలోంచి జిరాఫీలు కనపడతాయి. ఆ బిల్లు నేను కడతాను, అత్తయ్యకి వెనక్కి తిరిగి జిరాఫీ చూడమని చెప్పి.

ఇట్లు,
నీకు దక్కని ఒక వినియోగదారురాలు

తా.క.: మావయ్యకి నువ్వు వద్దు గానీ ఆ మగ్గు కావాలట, ఊరెళ్ళాక వాకింగ్ ఫ్రెండ్స్‌కి చూపించాలట. విడిగా కూడా అమ్ముతారు, ఇరవై డాలర్ల పైనే. హోటల్లో మాత్రమే నింపుకోవాలి, పార్కుల్లో పనికిరాదు, మనం ఉన్నన్ని రోజులే. రోజుకి ఎన్నిసార్లు కాఫీ పట్టుకుంటే గిట్టుబాటు అవుతుందో చూద్దామని మా ఆయన ఇందాకే కొత్త షీటు తెరిచారు. మావయ్య అలారం ఐదున్నరకి పెట్టమంటున్నారు.