సవరణ: జాన్ హాసల్ పోస్టర్ గురించి

ఇంగ్లండ్ సముద్రతీర పట్టణం స్కెగ్నెస్ కోసం చిత్రకారుడు జాన్ హాసల్ వేసిన రైల్వే పోస్టర్ గురించి మొన్న రాసినప్పుడు రెండు తప్పులు దొర్లాయి. హాసల్ ఆ ఊరి సముద్రపు గాలి అనుభవించి వచ్చి బొమ్మ వేశాడన్నాను. వేయించింది ఎల్‌ఎన్‌ఈఆర్ (లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ రైల్వే) అని కూడా రాశాను. రెండూ నిజం కాదు, క్షమించండి.

బొమ్మ 1908 నాటిది. వేయించుకున్నది గ్రేట్ నార్తర్న్ రైల్వే, ఇచ్చింది 12 గినీలు (గినీ అంటే పాత బ్రిటిష్ డబ్బు లెక్క). ఎల్‌ఎన్‌ఈఆర్ పుట్టిందే 1923లో. తర్వాత అదీ ఈ బొమ్మను వాడుకుంది. ఇక హాసల్ స్కెగ్నెస్‌లో అడుగుపెట్టింది 1936లో, అరవై ఎనిమిదేళ్ల వయసులో!

చూడని ఊరికి అంత ప్రాణం ఎలా పోశాడా అని పోస్టర్ మళ్లీ చూశాను. బొద్దుగా ఉన్న జాలరి, నోట్లో పైపు, కాళ్లకు పెద్ద బూట్లు, చేతులు బార్లా చాపి ఇసుక మీద గంతు వేస్తున్నాడు. మందపాటి నల్లగీత, లోపల నీడల్లేని రంగు. పిల్లల పుస్తకాలకు ఆయన వేసిన బొమ్మల్లోనూ ఇదే గీత. చదవడం రాని పిల్లాడికి కూడా ఆ జాలరి సంతోషం ఇట్టే తెలిసిపోతుంది. నాకు ఆయనంటే ఇష్టం అందుకే.

చెక్క మీద బొమ్మలు చెక్కిన జోన్ హాసల్ ఈయన కూతురే. ఆ సంగతి మొన్న రాయనే లేదు.