మెత్తటి యంత్రాలకు మన ఉక్కపోతే అసలు పరీక్ష

చీమకుర్తి క్వారీలో గ్రానైట్ దిమ్మను లేపాలంటే క్రేన్ కావాలి. ముత్తుకూరు చెరువులో పట్టిన రొయ్యను నలగకుండా పట్టుకోవాలంటే ఆ బలం ఎందుకూ పనికిరాదు. మొదటి పనికి మోటార్లు, గేర్లు ఎప్పుడో వచ్చేశాయి. రెండో పని ప్రాసెసింగ్ ప్లాంట్లలో ఇప్పటికీ చాలావరకు ఆడవాళ్ల చేతుల మీదే నడుస్తోంది, అదీ ఐసులో తడుస్తూ. ఇలాంటి సున్నితమైన పనుల కోసమే ల్యాబుల్లో కార్బన్‌తో మెత్తటి యంత్ర భాగాలు తయారవుతున్నాయి. వీటిని సాఫ్ట్ యాక్చువేటర్లు అంటారు. కృత్రిమ కండరాలు అన్నా సరిపోతుంది.

1999లో అమెరికా శాస్త్రవేత్త రే బామన్ బృందం చేసిన ప్రయోగం చాలా సింపుల్‌గా ఉంటుంది. కార్బన్ నానోట్యూబులతో (కంటికి కనిపించనంత సన్నటి కార్బన్ గొట్టాలు) చేసిన రెండు పల్చటి కాగితం ముక్కలను రెండువైపులా అంటుకునే టేపుతో కలిపారు. ఆ పట్టీని ఉప్పునీళ్లలో వేలాడదీసి సుమారు ఒక వోల్టు ఇచ్చారు. పట్టీ ఒక పక్కకు వంగింది, వోల్టేజీ మారిస్తే రెండో పక్కకు వంగింది. 2005లో జపాన్ శాస్త్రవేత్తలు ద్రవంలో ముంచే అవసరం లేకుండా, మామూలు గాలిలోనే వంగే జెల్ పట్టీ తయారుచేశారు.

ఈ జెల్ రకం పట్టీలో రెండువైపులా కార్బన్ పొర, మధ్యలో అయాన్లు, అంటే విద్యుత్ చార్జి ఉన్న కణాలు, నిండిన జెల్ ఉంటాయి. కరెంటు ఇవ్వగానే ధన అయాన్లు ఒకవైపుకు, రుణ అయాన్లు ఇంకోవైపుకు చేరతాయి. రెండు రకాల అయాన్ల సైజు ఒకటి కాదు కాబట్టి ఒకవైపు పొర ఎక్కువగా ఉబ్బి, పట్టీ వంగుతుంది. కరెంటును దాచుకుని చప్పున తిరిగి ఇచ్చే సూపర్ కెపాసిటర్ లోపల కూడా దాదాపు ఇదే నిర్మాణం. అంటే వంగే పట్టీయే కొంత కరెంటును దాచుకుంటుంది కూడా. మనం చేత్తో వంచితే అయాన్లు కదిలి చిన్న వోల్టేజీ పుడుతుంది, కార్బన్ పొర నిరోధకతా మారుతుంది. దాంతో స్పర్శ తెలుస్తుంది. కదలిక, స్పర్శ, నిల్వ అనే మూడు పనులను ఎవరో తెచ్చి అతికించలేదు, ఆ నిర్మాణంలోనే ఉన్నాయి. ఈ పదార్థం మీద నాకున్న ఇష్టమంతా ఇక్కడే ఉంది.

అయితే ఈ మూడూ ఒకే అయాన్ల మీద బతుకుతున్నాయని మరిచిపోకూడదు. దాచుకున్న చార్జి వాడుకుంటే పట్టీ ఆకారం మారుతుంది. పట్టీ కదులుతున్నప్పుడు వచ్చే సిగ్నల్‌లో రొయ్య తగిలింది ఎంత, సొంత కదలిక ఎంత అని విడదీయడం కష్టం. నిల్వ కూడా తక్కువే. సాధారణ సూపర్ కెపాసిటర్ కిలోకు 5 నుంచి 10 వాట్ అవర్ల దాకా దాచుకుంటే, లిథియం అయాన్ బ్యాటరీ 150 నుంచి 250 దాకా దాచుకుంటుంది. పైగా ఊరికే ఉంచినా చార్జి మెల్లగా జారిపోతుంది. 'బ్యాటరీ లేని రోబో' లాంటి హెడ్డింగ్ కనిపిస్తే కాస్త ఆగి చదవాలి.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది తేమ. ఈ పరీక్షలు ఎక్కువగా ఏసీ గదుల్లో, గాలి పొడిగా ఉన్నప్పుడు జరుగుతాయి. జెల్‌లో వాడే అయానిక్ ద్రవాల్లో (పూర్తిగా అయాన్లతోనే ఉండే ద్రవాలు) చాలావాటికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. నీళ్లు చేరితే అయాన్ల కదలిక మారుతుంది, ఎంత వోల్టేజీ ఇవ్వొచ్చో ఆ హద్దూ పడిపోతుంది. ఎందుకంటే సుమారు 1.23 వోల్టుల దగ్గర్నుంచే నీరు విడిపోయే అవకాశం మొదలవుతుంది. నీళ్లతో చేసిన జెల్ అయితే గొడవ తిరగబడుతుంది, ఎండకు ఆరిపోతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండ, సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలి, అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల ముసురు. ఈ మూడింటినీ తట్టుకోలేని పట్టీ కొత్తపట్నంలోనో మైపాడులోనో ఏ పనికీ రాదు.

అందుకే నెల్లూరు, ఒంగోలు ఇంజినీరింగ్ కాలేజీలకు ఇందులో చోటుంది అంటున్నాను. కోట్ల రూపాయల పరికరాలు పెట్టి కొత్త నానోట్యూబు కనిపెట్టమని ఎవరూ అడగడం లేదు. మన దగ్గర ఉన్నదే ఉక్కపోత, దాన్ని ల్యాబుగా వాడుకోవాలి. పట్టీలు తయారుచేసే ఐఐటీలతో ఒప్పందం చేసుకుని, ఒకే రకం పట్టీని ఏసీ గదిలో ఒకటి, రొయ్యల చెరువు గట్టు మీద ఒకటి పెట్టి, ఎన్నిసార్లు వంగాక బలం సగానికి పడిపోయిందో రాసిపెడితే చాలు. ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీ వాళ్లు పక్కన ఉంటే, ఎంత ఒత్తిడికి రొయ్య పెంకు చిట్లుతుందో కూడా తేలుతుంది.

చేత్తో మొదలుపెట్టాలనుకునే పిల్లలకు ఇంకా తేలిక దారి ఉంది. 2014లో బామన్ బృందమే చేపలు పట్టే నైలాన్ దారంతో కండరం చేసి చూపించింది. దారానికి కింద బరువు కట్టి, ఆ బరువు గిర్రున తిరగకుండా పట్టుకుని, పైనుంచి మెలిపెడుతూ పోతే ఒక దశలో దారం దానంతటదే స్ప్రింగులా చుట్టుకుంటుంది. వేడి తగిలితే ఆ చుట్ట బిగుసుకుని బరువును పైకి లాగుతుంది, చల్లారితే దించుతుంది. దాని మీద కార్బన్ పొర చుడితే కరెంటుతోనే వేడి చేయొచ్చు. జువ్వలదిన్నె హార్బర్ ఉన్న తీరంలో ఆ దారానికి కొరతేం లేదు. డబ్బులిచ్చి రెడీమేడ్ ప్రాజెక్టు తెచ్చుకునే ఫైనల్ ఇయర్ విద్యార్థికి కాలేజీ ఈ దారమే చేతికివ్వాలి.

ఇంకో మాట. రేపు ఇవి నిజంగా ప్లాంటు దాకా వస్తే రొయ్యలు ఒలిచే ఆడవాళ్ల కూలి ఏమవుతుందనే టెన్షన్ న్యాయమైనదే. ముందుగా వాళ్ల చేతికి వేసే గ్లవ్ మీద పనిచేయమంటాను. ఒకే రకం కదలికను రోజంతా చేసి వేళ్లు కొంకర్లు పోతున్నప్పుడు పట్టుకు కాస్త సాయం చేసి, ఎంత ఒత్తిడి పడుతోందో కొలిచే గ్లవ్ అది. అందులో పట్టీ పెద్ద బరువులు లేపక్కర్లేదు, సెకనులో వంగక్కర్లేదు. ఈ పదార్థం ఇవాళ ఇవ్వగలిగిన బలానికి దగ్గరగా ఉన్న పని అదే. తేమ పరీక్ష కూడా అక్కడే అయిపోతుంది, ఎందుకంటే ఆ గ్లవ్ పొద్దస్తమానం ఐసు నీళ్లలోనే ఉంటుంది.