ప్రార్థన మనవి పేరుతో గుట్టు బయటపెట్టొద్దు

పాస్టర్లు కూడా కౌన్సెలింగ్ నేర్చుకోవాలంటూ వచ్చిన ఒక వ్యాసం చదివాను, బాగుంది. కానీ అందులో గోప్యతను ఒక్క వాక్యంతో సరిపెట్టారు. మా వరంగల్ వైపు ఊళ్లలో అసలు చిక్కంతా అక్కడే. పత్తి పంట పోయి అప్పులపాలైన రైతు పాస్టరు అయ్యగారితో మనసు విప్పి చెప్పుకుంటాడు. ఆదివారం అదే సంగతి 'ఫలానా కుటుంబం కోసం ప్రార్థించండి' అని మైకులో వినిపిస్తుంది. ప్రేమతోనే చేస్తారు, కాదనను. ఆ మనిషి మాత్రం మళ్లీ నోరు విప్పడు.

ఇంకోటి, మధ్యలో అడ్డురాకుండా వినడం. ప్రసంగాలకు అలవాటుపడ్డవాళ్లకు ఇది చాలా కష్టం. తీర్పు తీర్చకుండా మనిషిని అంగీకరించాలని, అతని వైపు నుంచి అర్థం చేసుకోవాలని అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1957లోనే రాశాడు. కౌన్సెలింగ్ శిక్షణలో ముగ్గురేసి కూర్చుని ఒకరు చెప్తారు, ఒకరు వింటారు, మూడోవారు గమనిస్తారు. బైబిల్ వాక్యం ఎత్తకుండా పది నిమిషాలు వినమనండి, తెలుస్తుంది!

చచ్చిపోవాలనుందన్న మాట వస్తే మాత్రం ప్రార్థనతో ఆగొద్దు. మనిషిని ఒంటరిగా వదలకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయించండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. లేదంటే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి మీరే తోడు వెళ్లండి.