పెసరట్టులో గ్లూటెన్ లేదట!

మా ఇంట్లో మూడు తరాలుగా సాగుతున్న ఒక దాపరికం ఈమధ్యే బయటపడింది. మేం ఇన్నాళ్లూ తింటున్న పెసరట్టులో గ్లూటెన్ లేదు. ఇంత పెద్ద సంగతి మా నాయనమ్మ ఒక్కసారైనా చెప్పలేదు. చెబితే ఇంకో అట్టు అడుగుతామని భయపడిందేమో! విచారణ జరిపిద్దామంటే ఆవిడ ఇప్పుడు లేదు.

గుట్టు రట్టు చేసింది మా అబ్బాయి. ఆన్‌లైన్‌లో ‘గ్లూటెన్ ఫ్రీ పెసరట్టు మిక్స్’ తెప్పించాడు. ప్యాకెట్ మీద గోధుమ కంకి బొమ్మ, దానికి అడ్డంగా ఒక గీత. వెనక్కి తిప్పి చూస్తే పెసలు, బియ్యం, అల్లం, జీలకర్ర, ఉప్పు. అన్నీ మా వంటింటి డబ్బాల్లో ఉన్నవే. మా డబ్బాల మీద ఆ గీత లేదు కాబట్టి వాటికి ఆ ధర పలకదు, అంతే తేడా.

గ్లూటెన్ అంటే గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే జిగురు మాంసకృత్తు. చపాతీ పిండి సాగేది దానివల్లే. పెసలకు, మినుములకు, బియ్యానికి దానితో ఏ చుట్టరికమూ లేదు. పాపం పెసరట్టు, మినపట్టు, దిబ్బరొట్టె పుట్టుకతోనే అర్హత ఉండి కూడా సర్టిఫికెట్ లేక ఇన్నాళ్లూ మూల పడి ఉన్నాయి.

సరే, శాస్త్రోక్తంగా చేద్దామని ఆదివారం నేనే పూనుకున్నాను. పొట్టు పెసలు రెండు గ్లాసులు, గుప్పెడు బియ్యం రాత్రే నానబోశాను. పొద్దున్నే అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి రుబ్బాను. దోసెల పిండిలా పులియనక్కర్లేదు, రుబ్బిన వెంటనే పోసుకోవచ్చు. పెసరట్టు మన మీద చూపే దయ అంతవరకే. పెనం కాలకపోతే అంటుకుంటుంది, మరీ కాలితే పిండి ఉండకట్టి గరిటె వెంట లేచి వస్తుంది. మొదటి మూడు అట్లనూ పెసర ఉప్మాగా ప్రకటించాల్సి వచ్చింది.

గ్లూటెన్ తింటే పేగులు దెబ్బతినే సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం ఇది వేళాకోళం కాదు. చపాతీలు కాల్చిన పెనం సరిగ్గా కడగకుండా అట్టు పోసినా వాళ్లకు చేటే. బజారులో దొరికే ఇంగువ పొడుల్లో చాలావాటిలో గోధుమ పిండి కలుస్తుంది, అదీ చూసుకోవాలి. వాళ్లు ప్రాణభయంతో చదివే లేబుళ్లను మా ఇంట్లో రాత్రి చపాతీలు తింటూ చదువుతున్నాం.

నాలుగో అట్టు కుదిరింది. ఉల్లిపాయ ముక్కలు చల్లి, అంచులు ఎర్రబడ్డాక తీశాను. మా ఆవిడ చూసి, “ఉప్మా లేకుండా పెసరట్టేమిటండీ?” అంది. నిజమే, ఉప్మా పడితేనే కదా అది ఎమ్మెల్యే పెసరట్టు అయ్యేది. జీడిపప్పు దండిగా వేసి ఉప్మా చేసింది. అట్టులో కూరి, అల్లం పచ్చడి పక్కన పెట్టింది. మా అబ్బాయి ఫొటో తీసి, ‘నూటికి నూరుపాళ్లూ గ్లూటెన్ ఫ్రీ’ అని రాసి బంధువుల గ్రూపులో పెట్టాడు.

బొంబాయి రవ్వ గోధుమల నుంచే వస్తుందన్న సంగతి ఇంట్లో నాకొక్కడికే తెలుసు. నేనూ నాయనమ్మ మనవణ్నే. చెప్పకుండా ఇంకో అట్టు వేయించుకున్నాను.