పిల్ల ప్రాసెస్ కనబడదనుకుంటే పొరపాటే
లినక్స్ కెర్నెల్‌కి మీ ప్యాచ్ (కోడ్ మార్పు) పంపుతూ, ఫోర్క్ (నడుస్తున్న ప్రోగ్రామ్, అంటే ప్రాసెస్, తన నకలును పిల్లగా పుట్టించడం) జరిగేటప్పుడు పిల్ల ప్రాసెస్ ఇంకా టాస్క్ జాబితాలోకి (ప్రాసెస్‌లన్నిటి పట్టీలోకి) ఎక్కదు కాబట్టి దాని మీద లాక్‌లన్నీ (ఒకే డేటాను ఇద్దరు ఒకేసారి మార్చకుండా వేసే తాళాలు) దండగ అన్నారు మీరు. సగమే నిజమండీ. లినక్స్‌లో సిగ్నల్ హ్యాండ్లర్ల పట్టిక (ఏ సిగ్నల్ వస్తే ఏం చేయాలో రాసుకున్నది) కాపీ చేసేటప్పుడు తల్లి ప్రాసెస్ లాక్ ఒక్కటే తీసుకుంటారు, పిల్లది ముట్టుకోరు. ఇంకా ఎవరూ చేరని ఇంటికి తాళం ఎందుకు?

పేజీ టేబుళ్ల (ప్రాసెస్ వాడే చిరునామాలు అసలు మెమరీలో ఎక్కడున్నాయో చూపే పట్టికలు) సంగతి వేరు. తల్లి మెమరీ ప్రాంతాలను పిల్లకి కాపీ చేసే డూప్_ఎంమ్యాప్ ఫంక్షన్ నడుస్తుండగానే పిల్ల మెమరీ ప్రాంతాలు రివర్స్ మ్యాపింగ్‌లోకి (ఒక మెమరీ పేజీని ఎవరెవరు వాడుతున్నారో వెతికే దారిలోకి) చేరిపోతాయి. జాబితాలో పేరు లేకపోయినా, మెమరీ ఖాళీ చేయించే రీక్లెయిమ్ ఆ దొడ్డిదారిన వచ్చేయగలదు. అందుకే పేజీ టేబుళ్లను కాపీ చేసే కాపీ_పీటీఈ_రేంజ్ ఫంక్షన్ తల్లిదీ పిల్లదీ రెండు లాక్‌లూ పట్టుకుంటుంది. మీ ప్యాచ్‌లో సిగ్నల్ పట్టిక దగ్గర పిల్ల మీద ఉన్న లాక్ తీసేయండి, పేజీ టేబుళ్ల దగ్గర పిల్ల లాక్ జోలికి మాత్రం వెళ్లకండి.